తుపాకుల పత్రికలో పొరపాట్ల పేజీ

కువైట్‌లోని జాబ్రియాలో నేను పనిచేసిన ఇంట్లో పెద్దాయన గదిలో ఒక గోడ పొడవునా తుపాకుల పత్రికలే ఉండేవి. అన్నీ ఇంగ్లీషువి. అట్టల మీద మంచులో నిలబడ్డ మనుషులు, బాతును నోట కరుచుకున్న కుక్కలు, బల్ల మీద వరసగా పేర్చిన తుపాకులు. ఇంట్లో మాత్రం ఒక్క తుపాకీ లేదు. ఇరాక్ సైనికులు దేశంలోకి వచ్చినప్పుడు ఇల్లు సోదా చేసి ఆయన వేట తుపాకులన్నీ పట్టుకుపోయారట. పత్రికలను ముట్టుకోలేదు. యుద్ధం అయిపోయాక ఆయన మళ్ళీ కొనుక్కుంటానంటే ఆయన భార్య ఒప్పుకోలేదు. పనివాళ్ళం ఆమెను మామా అనీ, ఆయనను బాబా అనీ పిలిచేవాళ్ళం.

నాది గోదావరి లంకల్లో ఒక పల్లె. మిషన్ బడిలో పదో తరగతి దాకా చదివి, నర్సు ట్రైనింగులో చేరి, మధ్యలో మానేసి కువైట్ వచ్చాను. నాకు ఇంగ్లీషు వచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇస్త్రీ చేయడానికి, మెట్లు కడగడానికి అది తెలియాల్సిన పనేముంది? ఒక రోజు బాబా గదిలో అరలు తుడుస్తూ, ఒక అట్ట మీది మాటలు నాలో నేను చదువుకుంటున్నాను. ఆయన నిద్రపోతున్నారనుకున్నాను.

"గట్టిగా చదువు" అన్నారు వెనకనుంచి.

షుగరు వల్ల ఆయన చూపు మందగించింది. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయని కొడుకుతో చెప్పడం నేను విన్నాను. కొడుకు నెలనెలా పత్రిక తెచ్చి బల్ల మీద పెట్టేవాడు, కూర్చుని చదివి వినిపించే తీరిక అతనికి లేదు. ఆ రోజు నేను ఒక పేజీ చదివాను. మర్నాడు ఇంకో రెండు. వారం తిరిగేసరికి మామా నన్ను పిలిచి, సాయంత్రం అసర్ నమాజు తర్వాత గంటసేపు బాబాకు చదవమనీ, ఆ వేళ పని వంటింట్లో అక్క చూసుకుంటుందనీ చెప్పింది.

ఆ అక్కది రాయచోటి వైపు. నాకంటే పదేళ్ళు పెద్దది. ఆ ఇంట్లో మేమిద్దరమే తెలుగువాళ్ళం. నేను చల్లని గదిలో కుర్చీలో కూర్చుని బాతుల వేట గురించి చదువుతుంటే, కింద తన పనికి తోడు నా ఇస్త్రీ కూడా ఆమె నెత్తిన పడేది. ఒక్కనాడూ విసుక్కోలేదు. అదే నాకు ఇబ్బందిగా ఉండేది. చదవడం అయిపోగానే పరుగున కిందికి వెళ్ళి చేతిలో పని లాక్కోబోయేదాన్ని. "ఉండుమే, అయిపాయ" అనేది.

అయినా నాకు ఆ గంట ఎంతో ఇష్టంగా ఉండేది. తుపాకుల మీద ఇష్టం కాదు. ఏ గొట్టం ఎంత పొడవు, ఏ గుండు ఎంత బరువు అనేవి నాకు అర్థమయ్యేవి కావు. ప్రకటనలు నేను అసలు చదివేదాన్నే కాదు, దాటేసేదాన్ని. కథల్లాంటివి ఉండేవి. ఒకాయన ముసలి కుక్కతో ఆఖరిసారి వేటకు వెళ్ళడం, తండ్రి వెంట మొదటిసారి అడవికి వెళ్ళిన మనిషి జింకను చూసి ట్రిగ్గరు నొక్కలేకపోవడం. చాలా కాలం తర్వాత నా నోట్లోంచి పెద్ద పెద్ద వాక్యాలు వస్తున్నాయి. ఎవరో కూర్చుని వింటున్నారు. దానికోసం తుపాకుల పత్రికైనా సరే అనుకున్నాను.

అక్క రుణం తీరుతుందన్నట్టు, చదివిన కథలన్నీ వంటింట్లో ఆమెకు తెలుగులో చెప్పేదాన్ని. ముసలి కుక్క కథ ఆమెకు బాగా నచ్చింది. రెండుసార్లు చెప్పించుకుంది.

ప్రతి పత్రికలోనూ వెనకవైపు ఒక పేజీ ఉండేది. పాఠకులు వేటలో తాము చేసిన పొరపాట్లను రాసి పంపేవారు. బాబా అన్నిటికంటే ముందు దాన్ని చదవమనేవారు. ఒక నెల అందులో ఒక మనిషి, చీకటి పడే వేళ పొద కదిలితే అడవిపంది అనుకుని కాల్చాడట. అక్కడున్నది తన స్నేహితుడు. గుండు భుజంలో దిగింది, ప్రాణం దక్కింది. అదృష్టవంతుడు కదా అని నవ్వుతూ ఆ కథ అక్కకు చెప్పాను. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, డాబా మీదికి వెళ్ళిపోయింది. కథ నచ్చలేదేమో అనుకుని ఉల్లిపాయలు నేను తరిగాను.

మర్నాడు డాబా మీద బట్టలు ఆరేస్తుంటే తనే చెప్పింది. వాళ్ళకు అడవి అంచున వేరుశనగ చేను ఉండేది. కాయ ఊరే వేళకు పందులు పడి తవ్విపోసేవి. ఒక ఏడు సగం చేను పోయింది. మరుసటి ఏడు ఆమె తన తమ్ముణ్ణి పిలిపించింది. అతని దగ్గర నాటు తుపాకీ ఉండేది. మునిమాపు వేళ ఆమె భర్త బావమరిదికి సంగటి తీసుకుని, ఎప్పుడూ నడిచే దారిన కాకుండా పొదల్లోంచి అడ్డంగా వెళ్ళాడు. తమ్ముడు అలికిడి విన్నాడు.

"బతకల్యా" అంది అక్క. తడి దుప్పటి దండెం మీద వేసి మడతలు సరిచేస్తూ, అంతే.

తమ్ముడు జైలుకు వెళ్ళి వచ్చాడు. వచ్చాక పెళ్ళి చేసుకోలేదు. అక్క పిల్లలిద్దరినీ అతనే పెంచుతున్నాడు. ఆమె కువైట్ వచ్చిందే అతను పిల్లల్ని చూసుకుంటాననబట్టి. అయినా అన్నేళ్ళుగా అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు. పక్కింటి ఫోనుకు చేసి పిల్లలతో మాట్లాడేది, అతని గొంతు వినబడితే పెట్టేసేది. కోపమా అని అడిగాను. కాదంది.

"వాని గొంతు ఇంటే నా మాటే నాకు ఇనబడతాది మే. రారా, వచ్చి నాలుగు పందుల్ని కాల్చిపోరా అని నేనే అంటి."

ఆ తర్వాత నాకు చదవడానికి నోరు రాలేదు. ఇన్నాళ్ళు ఆమె నా ఇస్త్రీ చేస్తుంటే, నేను పైన కూర్చుని తుపాకుల కథలు చదివి, వాటినే తెచ్చి ఆమెకు మిఠాయిలా పెట్టాను. నాకు తెలియక జరిగింది, నిజమే. కానీ ఏదీ తెలియకుండా అంత సంతోషంగా ఉండడమే తప్పుగా తోచింది. బాబాకు గొంతు బాగాలేదని చెప్పాను. కొన్నాళ్ళు నేను ఇస్త్రీ చేసుకున్నాను, ఆయన గదిలో రేడియో వింటూ పడుకున్నారు.

గొంతు బాగానే ఉందని ఆయనకు తెలుసు. టీ తీసుకెళ్ళినప్పుడు ఆపి, సంగతేమిటని అడిగారు. అక్క విషయం నాది కాదు, చెప్పలేదు. ఈ పత్రికలు చదవదగ్గవేనా బాబా అని మాత్రం అడిగాను. మేము మాట్లాడుకునేది సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. ఆయన వయసులో ఉండగా తుపాకుల కోసం చదివాననీ, తర్వాత అడవుల కోసం చదివాననీ చెప్పారు. ఇప్పుడు ఆ వెనక పేజీ కోసమేనట.

ఎందుకో తనే చెప్పారు. పడుచు వయసులో స్నేహితులతో ఎడారిలో గుడారాలు వేసుకుని హుబారా పిట్టల వేటకు వెళ్ళారు. తెల్లవారుజాము మసకలో, కదిలిన దాని మీదికి కాల్చారు. అది ఒక గొర్రెల కాపరి కుక్క.  ఆ ముసలి కాపరి, డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. కుక్కను భుజాన వేసుకుని, గొర్రెల్ని తోలుకుని వెళ్ళిపోయాడు. ఈ సంగతి బాబా భార్యకు గానీ కొడుకులకు గానీ ఎప్పుడూ చెప్పలేదట.

"ఆ పేజీలో నాలాంటి వాళ్ళుంటారు" అన్నారు. "మిగిలిందంతా అమ్మకం."

 కప్పు తీసుకుని కిందికి వచ్చేశాను.

ఆ తర్వాత అడిగింది అక్కే. పప్పు ఏరుతూ, నా వైపు చూడకుండా, పత్రికలో ఆ స్నేహితుణ్ణి కాల్చినాయన తర్వాత ఏం రాశాడని అడిగింది. ఆ స్నేహితులిద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నారా అని ఆమె ప్రశ్న. నాకు గుర్తులేదు. పైకి వెళ్ళి పత్రిక వెతికి, వంటింట్లోకే తెచ్చి, వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. అతను తుపాకీ అమ్మేశాడు. భుజం నయమైన స్నేహితుడు ప్రతి ఆదివారం ఫోను చేస్తాడు. కాల్చినవాడికే ఫోను ఎత్తే ధైర్యం లేదు. అంతటితో అయిపోయింది.

"ఎత్తల్యా?"

"ఎత్తాడో లేదో రాయలేదక్కా."

ఎత్తాడని చెప్పి ఉండాల్సిందేమో అని ఆ పూటంతా మథనపడ్డాను. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఆమెకున్న కొంచెం ఆశ కూడా తీసేశానేమో అనిపించింది. ఆమె మాత్రం ఏదో ఆలోచనలో ఉంది. అన్నం తినేటప్పుడు, "ఆ దెబ్బ తిన్నాయన చేస్తానే ఉండాడు గదా" అంది. నాతో కాదు, తనలో తను అనుకున్నట్టు.

అక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చి నుంచి వస్తూ నేను ఖైతాన్ బజారులో ఫోను కార్డు కొన్నాను. మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళు పడుకున్నాక డాబా మీద నా మొబైల్ ఆమె చేతికిచ్చి, అవతలికి వెళ్ళబోయాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పక్కింటివాళ్ళు ఎత్తారు. పిల్లల్ని కాదు, తమ్ముణ్ణి పిలవమంది. అతను వచ్చేదాకా ఆమె నీళ్ళ ట్యాంకు నీడలో గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. అతను వచ్చాడని, ఆమె కళ్ళు తెరవడం చూసి నాకు తెలిసింది. కార్డులో నిమిషాలు పోతున్నాయని నేను అనుకుంటూండగా, ఆమె అన్నం తిన్నావా అని అడిగింది. బోరులో నీళ్ళొస్తున్నాయా అని అడిగింది. తర్వాత అంది:

"ఆ పొద్దు నిన్ను రమ్మన్నది నేనేరా. ఆయనకు దోవ చెప్పకుండా పంపిచ్చింది గూడా నేనే."

అవతల అతను ఏమన్నాడో ఆమె ఆ తర్వాత నాకు చెప్పింది. "నువ్వు పిలిస్తివి, నేను కాలిస్తి. రెండూ ఒగటి కాదక్కా" అన్నాడట. ఆమె ఊరట పొందిందని చెప్పలేను. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఆ తప్పు బరువు కొంత తను తీసుకుంటానంటే అతను ఇవ్వలేదని ఆమె బాధ. కానీ మరుసటి శుక్రవారం తనే నా మొబైల్ అడిగి తీసుకుంది. ఆ పైవారం కూడా. వానలు, పిల్లల చదువులు, ఎద్దును అమ్మడం, ఇవే మాటలు. ఆ రోజు మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను మళ్ళీ బాబాకు చదవడం మొదలుపెట్టాను. అక్కే వెళ్ళమంది. ఆయన కంటి ఆపరేషను కుదిరినప్పుడు చర్చిలో అందరితో కలిసి ప్రార్థన చేయించాను. ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పాక ఆయన కిటికీలోంచి ఎదురింటి గోడ మీది పావురాన్ని చూపించి, దాని మెడ రంగు చెప్పారు. ఇల్లంతా సంతోషించింది. నేనూ నవ్వాను. గుండెలో మాత్రం నా గంట పోయిందన్న దిగులే ముందు వచ్చింది. ఒక మనిషికి చూపు వచ్చినందుకు దిగులు పడ్డ నా మనసును తలచుకుంటే, ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కొన్నాళ్ళకు ఆయన పిలిచి ఒక కొత్త పత్రిక నా చేతిలో పెట్టారు. తిరగేస్తే మూడొంతులు ప్రకటనలు. కథ అని మొదలైనది కూడా చివరికి ఏదో ఒక తుపాకీ కొనమనే చెబుతోంది. వెనక పేజీ తీసేశారు. అక్కడ కొత్త తూటాల బొమ్మలున్నాయి.

"నువ్వు చదివినప్పుడు బాగుండేవి. లేనివి కల్పించి చదివావా?" అని అడిగారు.

కల్పించలేదనీ, అమ్మకం మాటలు వదిలేశాననీ చెప్పాను. ఆయన తల పంకించి, ఇక తేవద్దని కొడుకుతో చెప్పేశారు. ఖలాస్ అన్నారు. కళ్ళు బాగుపడ్డాక ఆయన చదివింది ఆ ఒక్కటే అనుకుంటాను.

అక్క ఆ మరుసటేడు సెలవు మీద ఇంటికి వెళ్ళింది. మద్రాసు విమానాశ్రయానికి ఎవరొస్తారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఊరు చేరాక ఫోను చేసింది. తమ్ముడు పిల్లల్ని తీసుకుని జీపు మాట్లాడుకుని వచ్చాడట. ఆమెను చూసి తల వంచుకుని పెట్టె అందుకున్నాడట. దారంతా ముందు సీట్లో కూర్చుని ఒక్కసారీ వెనక్కి తిరగలేదట.

"తర్వాత ఏమైందక్కా?" అన్నాను.

"కడప దాటినాక చిన్నోనికి వాంతి వచ్చె. బండి ఆపి, వాడే దిగి, నీళ్ళు తెచ్చి మొగం కడిగినాడు. ఆన్నించి ముందుకు పోకుండా ఎనక మా పక్కనే కూసున్నాడు మే" అంది.