మా ఎలుగుబంటి రంగు

నిన్న పిల్లలతో హిందూపురంలో సినిమాకు పోయాను. మన చిన్నప్పటి కార్టూన్ ఎలుగుబంటిని నిజం మనుషుల మధ్య నిలబెట్టి తీశారు. ఒళ్లంతా గోధుమరంగు బొచ్చు. చూస్తుంటే ఎందుకో నీరసం వచ్చింది.

ధర్మవరంలో మన ఇళ్లల్లో అన్నీ బ్లాక్ అండ్ వైట్ టీవీలే కదా, గుర్తుందా? "నాయనా, ఆ ఎలుగుబంటి ఏం రంగు?" అని అడిగితే, మా నాయన మగ్గం గుంతలో కాళ్లు దింపుకొని నేస్తూ, తలెత్తకుండానే "ఇదే రంగు" అనేవాడు. అప్పుడు నేస్తున్న పట్టుచీర రంగన్నమాట. ఒకసారి వంకాయ రంగు, ఇంకోసారి చిలకపచ్చ. మేం నమ్మేవాళ్లం.

ధర్మవరంలో ఇంటికి తిరిగొచ్చి, ఆ ఎలుగుబంటిది గోధుమరంగంట అని నాయనకు చెప్పాను. గుంత పూడ్చి బండలు పరిచిన చోటే మంచం మీద పడుకొని ఉన్నాడు.

"ఉండనీలేప్పా," అన్నాడు. "మగ్గమే లేకపాయ. ఇంక ఏ రంగైతే ఏమి?"