గడియారాల బాబాయ్ ఇచ్చిన కవరు

ఈ ఊళ్ళో నా మొహం తెలియనివాళ్ళు ఉంటారేమో గానీ నా గొంతు తెలియనివాళ్ళు లేరు. తప్పిపోయిన పిల్లల దగ్గర్నుంచి తగ్గింపు ధరల చెప్పుల దాకా, వ్యాను మీద మైకు పెట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా నేనే అరుస్తున్నాను. నా అసలు పేరు నాకే గుర్తు రాదు, అందరూ మైకు అనే పిలుస్తారు. ఆ గొంతుతోనే ఒక మనిషి కంటిచూపు పోగొట్టాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా.

ఆ మనిషి గడియారాల బాబాయ్. నాకు చుట్టమేం కాదు, ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. బస్టాండు ఎదురు సందులో ఆయన కొట్టు. కొట్టంటే ఒక బల్ల, దాని మీద అద్దాల పెట్టె, వెనక గోడ నిండా గంటలు కొట్టే గడియారాలు, అంతే. మనిషి లోపల కూర్చుంటే మోకాళ్ళు బయటికొస్తాయి. చిన్నప్పుడెప్పుడో మేనమామ దగ్గర పని నేర్చుకోవడానికి అక్కడ కూర్చున్నవాడు డెబ్బై దగ్గరపడినా లేవలేదు. కుడికంటికి నల్లటి భూతద్దం తగిలించుకుని, నలుసంత చక్రాలను సన్నటి పట్టకారుతో ఎత్తి పెట్టేవాడు. ఎప్పుడిస్తానన్నాడో అప్పుడే ఇచ్చేవాడు. పది నిమిషాలు ముందు వెళ్తే పది నిమిషాలూ కూర్చోబెట్టేవాడు.

ఆయనకో పిచ్చి ఉండేది. బాగుచేయించుకుని తీసుకెళ్ళడం మర్చిపోయినవాళ్ళ గడియారాలు పెట్టె అడుగున నలభై దాకా ఉండేవి. వాళ్ళలో కొందరు ఊరొదిలి వెళ్ళారు, కొందరు కాలం చేశారు. అయినా రోజూ కొట్టు తెరవగానే వాటన్నిటికీ కీ ఇచ్చేవాడు. ఎందుకు బాబాయ్ ఈ చాకిరీ అని అడిగితే, మనిషి వచ్చి చూసేసరికి ఆగిపోయి ఉంటే మన పరువేం కావాలి అనేవాడు.

మా ఊరి ఆసుపత్రిలో జ్వరాలకీ కాన్పులకీ తప్ప దేనికీ దిక్కులేదు. కంటికి ఏమొచ్చినా బస్సులో అయిదు గంటలు కూర్చుని పట్నం పోవాల్సిందే. అందుకని కంటి వార్డు కట్టిద్దామని పెద్ద డాక్టరు, రిటైరైన హెడ్మాస్టరు కలిసి కమిటీ వేశారు. చందాల ప్రచారానికి నన్ను పిలిచారు. ఒక్క పైసా తీసుకోకుండా చేస్తానన్నాను. అలా అన్నందుకు నన్ను చూసి నేనే పొంగిపోయాను.

మొదటి వారం ఎవరూ పెద్దగా కదల్లేదు. అప్పుడు నాకో ఉపాయం తట్టింది. ఇవ్వనివాడి గుమ్మం ముందు వ్యాను ఆపించి, మైకులో వాడి మీద నాలుగు చలోక్తులు విసరడం. జనం గుమిగూడి నవ్వుతారు. ఆ నవ్వు ఆపించడానికైనా చెయ్యి జేబులోకి పోతుంది. బట్టల కొట్టాయన, మందుల కొట్టాయన, వడ్డీ వ్యాపారి, అందరూ అలాగే దారికొచ్చారు. హెడ్మాస్టరు నా భుజం తట్టారు. నాకు మరీ పట్టపగ్గాల్లేకుండా పోయాయి.

బాబాయ్‌ని రెండుసార్లు అడిగితే తర్వాత చూద్దాంలే అన్నాడు. మూడోసారి, పొద్దున పదింటికి సందు నిండా జనం ఉన్నప్పుడు, వ్యాను ఆయన కొట్టుకి అడ్డంగా పెట్టించాను. ఆయన ఎవరిదో చేతిగడియారాన్ని ముక్కుకి ఆనించుకుని, మొహం పక్కకి తిప్పి చూస్తున్నాడు. నాకు అది కూడా నవ్వులాటే అయింది.

"ఏం బాబాయ్," అన్నాను మైకులో, "కళ్ళు కనపడనివాళ్ళ కోసం అడుగుతుంటే నీకు చెవులు వినపడవా?"

సందంతా గొల్లుమంది. ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఏదో చెప్పబోయి, గడియారాలు చేతపట్టుకుని బల్ల ముందు నిలబడ్డ ఇద్దరినీ చూసి ఆగిపోయాడు. లేచి, సొరుగు తాళం తీసి, లావుపాటి కవరు తెచ్చి నా చేతిలో ఉన్న చందా డబ్బాలో వేశాడు. మళ్ళీ కూర్చుని భూతద్దం కంటికి తగిలించుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను ధర్మప్రభువంటూ ఆయన్ని ఆకాశానికెత్తేశాను.

సాయంత్రం కమిటీ గదిలో ఆ కవరు విప్పింది నేనే. నోట్ల మధ్య మడతపెట్టిన చీటీ ఉంది, పట్నంలో కంటి ఆసుపత్రివాళ్ళు ఇచ్చింది. రెండు కళ్ళకీ నీటికాసులు, చూపుని లోలోపలే తినేసే జబ్బు. ముందు కుడికంటికి ఆపరేషను, వచ్చే నెల మొదటి సోమవారం. ఆలస్యమైతే చూపు దక్కదని డాక్టరు కింద గీత గీసి మరీ రాశాడు. అప్పుడు అర్థమైంది ఆ డబ్బు ఆపరేషనుకి దాచుకున్నదని, ఆయన సందులో ఎందుకు నోరు విప్పలేదో. కళ్ళు పోతున్నాయని తెలిస్తే ఆయన చేతికి గడియారం ఎవరిస్తారు?

నోట్లు బల్ల మీద పెట్టాను. చీటీ జేబులో పెట్టుకున్నాను.

చూపిస్తే కవరు తిరిగిచ్చేసేవాళ్ళు. అసలేం జరిగిందని అడిగేవాళ్ళు. నా నిర్వాకం బయటపడేది, భుజం తట్టిన హెడ్మాస్టరు ముందే తలవంచుకోవాల్సి వచ్చేది. కారణం అదొక్కటే, ఇంకేదో ఉందని అబద్ధం చెప్పను. వార్డు ఎలాగూ వచ్చేస్తుంది, ఇక్కడే చూపించుకుంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ సోమవారం వచ్చింది, పోయింది. ఆ రోజు నేను బస్టాండుకి చుట్టుతిరిగి వెళ్ళాను. ఆ తర్వాత ఏడాదిన్నర అలా చుట్టుతిరిగే వెళ్ళాను.

చివరికి వార్డు తెరిచారు. ఆ రోజు నేను మైకు పట్టుకుని రోగులను ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నాను. బాబాయ్ భార్య, మా అందరికీ పిన్ని, ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు లెక్కచెబుతూ ఎక్కించుకొచ్చింది. మైకు పక్కవాడికిచ్చి తలుపు చాటుకి తప్పుకున్నాను. కొత్త డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. పోయిన చూపు ఇక రాదని, ఎడమకంట్లో మిగిలిన కాస్త వెలుతురునైనా కాపాడుకుందామని చెప్పింది. ఇన్నాళ్ళూ ఏం చేశారని అడిగింది. పిన్ని ఏదో అనబోయింది.

"పనిలో పడి కుదర్లేదమ్మా," అన్నాడు బాబాయ్.

తలుపు చాటున నిలబడి ఆ మాట విన్నాను. అంత సిగ్గు నా జన్మలో ఎరగను. ఆయన నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న మనసు గట్టిచేసుకుని కొట్టుకి వెళ్ళాను. చీటీ ఆయన చేతిలో పెట్టి కాళ్ళు పట్టుకుందామని. పిన్ని లేదు. ఆయన ఒక్కడే కూర్చుని, మర్చిపోయినవాళ్ళ గడియారాలను ఒక్కొక్కటే తడిమి తీసి కీ ఇస్తున్నాడు. అలికిడి విని ఎవరూ అన్నాడు. నేను పలకలేదు. పలికితే తెలిసిపోతాను. ముప్ఫై ఏళ్ళు ఊరి చెవులు చిల్లులు పడేలా అరిచిన గొంతు, ఒక్క మాటకి పెగల్లేదు. ఏం చెయ్యాలో తోచక నా చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని వేళ్ళతో తడిమాడు. పదేళ్ళ కిందట నేను వ్యాను మీంచి పడ్డప్పుడు దాని అంచు సొట్టపోతే ఆయనే బాగుచేశాడు. ఆ సొట్ట దగ్గర బొటనవేలు ఆగింది. చెవి దగ్గర పెట్టుకుని విని, కీ తిప్పి, నా వైపు చాచాడు.

"ఏరా మైకూ, గొంతుకేమైంది?" అన్నాడు. "మన ఆసుపత్రిలో చూపించుకో. బాగా చూస్తున్నారు."

గడియారం తీసుకుని వచ్చేశాను. చీటీ ఇంకా నా జేబులోనే ఉంది.