పాలెంలో మందుల పాక

మొన్న దగ్గు ఎంతకీ తగ్గక బందరులో ఆసుపత్రికి వెళ్తే, మా మనవరాలి ఈడున్న డాక్టరమ్మ దూది చుట్టిన పుల్ల నా గొంతులోకి పోనిచ్చి, ఏ క్రిమో తెలిస్తే సరైన మందు ఇవ్వొచ్చని చెప్పింది. నా కళ్ళు చెమర్చాయి. నొప్పి వల్లేమో అనుకుని ఆ పిల్ల క్షమించమంది. డెబ్బై ఏడులో దివిసీమను ముంచిన ఉప్పెన గురించి నా వయసు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. నా మనసు ఆ ఉప్పెన మరుసటి ఏటికి వెళ్ళిపోయిందని ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది?

అప్పట్లో నేను నర్సు చదువు పూర్తి చేసి గుడివాడలో అక్క వాళ్ళింట్లో ఉండేదాన్ని. బావగారు డాక్టరు. నాన్న పోయాక నా చదువు ఆగిపోకుండా చూసింది ఆయనే కనుక, ఆయన ఎంత చెబితే నాకు అంత. ఉప్పెనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న దివిసీమ పల్లెల్లో, ఆరని నేల మీద గోనెపట్టాలు పరుచుకుని పడుకునే పసిపిల్లలకు చలి మొదలవగానే నిమ్ము చేసేది. జ్వరం, ఆయాసం, ఊపిరందక డొక్కలెగరెయ్యడం, తల్లి చూస్తుండగానే పిల్ల చల్లబడిపోవడం. ఆ నిమ్ము ఏ క్రిముల వల్ల వస్తోందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే పరిశోధన బావగారి చేతికొచ్చింది. నన్ను కూడా రమ్మంటే పొంగిపోయాను.

నాగాయలంక దాటి పడవెక్కి వెళ్ళాల్సిన జాలర్ల పాలెం అది. అక్కడ తాటాకు పాక వేసి, ఆక్సిజన్ సిలిండర్లూ ఇంజెక్షన్లూ పెట్టారు. పిల్లల గొంతుల్లోంచి పుల్లతో తడి తీసి, ఐసు పెట్టెలో సర్ది గుడివాడ పంపడం నా పని. తల్లులు పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు. ఉప్పెన తర్వాత వచ్చినవాళ్ళంతా ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయినవాళ్ళే, వాళ్ళ భయం వాళ్ళది. ఒక ఆదివారం గుడివాడలో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే, బావగారు చెయ్యి ఆపి, "పని అయిపోయినా పాక ఉంచుతామని చెప్పమ్మా. నర్సూ, మందులూ, ఆక్సిజనూ అక్కడే ఉంటాయి. నా మాటగా చెప్పు" అన్నారు. అక్క ఆయనకు పప్పు వడ్డిస్తూ, "ఇంకేం, నీ బెంగ తీరింది" అని నవ్వింది.

ఆ మాట మోసుకుని పాలెం వెళ్ళాను. అక్కడ నేను పిన్నీ అని పిలిచే ఒకావిడ ఉండేది. కొడుకునీ కోడలినీ ఉప్పెన తీసుకుపోగా, మనవరాలొక్కతే ఆవిడకు మిగిలింది. అంతా విని, "నువ్వు చెప్తన్నావు కాబట్టి సరేనే అమ్మాయ్" అని, పిల్లను ఒళ్ళో వేసుకుని తనే నోరు తెరిపించింది. ఆవిడ వెనక మిగతా తల్లులంతా వచ్చారు. ఆ చలికాలం పెదాలు నీలిరంగు తిరిగిన పిల్లలు ఎందరు ఆ పాకలో మళ్ళీ ఏడుపందుకున్నారో! పిల్ల ఏడిస్తే అంత సంతోషపడ్డ రోజులు నాకు మళ్ళీ రాలేదు. నేను తిన్నానో లేదోనని పిన్ని చేపల పులుసు గిన్నె పట్టుకుని నా వెంట తిరిగేది.

మరుసటి ఏడు వానలు వెనకబట్టాక, అక్క పురిటికని కొన్నాళ్ళు గుడివాడలో ఉండి తిరిగి వెళ్ళేసరికి, రేవులో సిలిండర్లు పడవకెక్కిస్తున్నారు. బావగారు దగ్గరుండి చూసుకుంటున్నారు. పాక కప్పు అప్పటికే విప్పేశారు. ఆడవాళ్ళంతా గట్టు మీద నిలబడి ఉన్నారు.

"ఇదేంటి బావగారూ? పాక ఉంచుతామన్నారు కదండీ?"

ఆయన వాళ్ళ వైపు చూసి, అందరికీ వినబడేలా, ఎప్పటిలాగే నెమ్మదిగా అన్నారు: "నేనెప్పుడన్నానమ్మా? జాలిపడి నువ్వే ఏదో చెప్పుంటావు."

అంటూనే పడవెక్కారు, పడవ కదిలింది. పిన్ని నన్నొకసారి చూసి, పిల్లను చంకనేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గుడివాడ వచ్చి అక్కను అడిగాను. నువ్వు అక్కడే ఉన్నావు, విన్నావు, నవ్వావు కదే అన్నాను. అక్క పసివాడి ఉయ్యాల ఊపుతూ, తలెత్తకుండా, "ఏమోనే, నేను వంటింట్లో ఉన్నానేమో" అంది. బావగారి మాట కన్నా అక్క మాటే నన్ను ఎక్కువ కోసింది. ఆ వారమే బట్టలు సర్దుకుని బందరు వచ్చి, ఒక ఆసుపత్రిలో చేరిపోయాను.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం పిన్ని మా వార్డుకే వచ్చింది. భుజం మీద మనవరాలు, ఎగపోస్తూ. పడవా బస్సూ పట్టుకుని వచ్చేసరికి పిల్ల గోళ్ళు నల్లబడ్డాయి. పెద్ద డాక్టరుగారూ మేమూ చెయ్యాల్సిందంతా చేశాం, పిల్ల బతికింది. కానీ ఉన్నన్నాళ్ళూ పిన్ని నన్ను అమ్మాయ్ అనలేదు. నర్సుగారూ, మీరు అనే పిలిచింది. ఇంటికెళ్ళే రోజున ఆగలేక, ఆ మాట నిజంగా ఆయన అన్నదే పిన్నీ అని చెప్పి ఏడ్చాను.

"ఆయన అన్నారో లేదో మాకేం తెలుసండీ. ఆయన్ని మేం ఎరగం. మిమ్మల్ని నమ్మాం" అంది. కోపంగా కాదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. అంతే, మళ్ళీ కనబడలేదు.

ఆ పరిశోధన మంచిదే అయ్యుంటుంది, ఎక్కడో ఎవరి పిల్లలకో పనికొచ్చే ఉంటుంది. బావగారికి సన్మానాలు జరిగాయి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కలుస్తూనే ఉన్నాం, కాఫీలు ఇచ్చి పుచ్చుకుంటూనే ఉన్నాం. ఆ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. మంచం పట్టాక అక్క ఒకసారి నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి, ఫ్యాను తగ్గించమంది.

ఇప్పుడు దివిసీమ మూలకైనా ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. నిమ్ము రాకుండా పసిపిల్లలకు టీకాలు వేస్తున్నారు. పరిశోధన అంటే ముందు అన్నీ కాగితం మీద రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకుంటారట. ఎంతో మేలు. మా రోజుల్లో నోటి మాట తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఆ మాట విన్నవాళ్ళం ఇద్దరం, అన్న మనిషి ఒకరు. అక్కా బావగారూ ఇద్దరూ వెళ్ళిపోయారు. రేపు నేనూ పోతే, ఆ మాట ఎవరూ అననట్టే అయిపోతుంది.