తేమ మిషన్‌తో బేరం

ఆ కాలంలో, అంటే నా పెళ్లయిన కొత్తలో, బేరమాడకుండా తెచ్చిన తిండి ఒంటికి పట్టదని నిజంగానే నమ్మేదాన్ని. కరీంనగర్‌లో బాపుది కిరాణం, చిన్నాయనది బట్టల దుకాణం. పిల్లలందరం గల్లాపెట్టె చప్పుడుకే నిద్రపోయేవాళ్లం. మా వాళ్ల విద్యంతా ఒక్క నడకలో ఉండేది. ధర నచ్చకపోతే "వద్దులే" అని లేచి, వెనక్కి చూడకుండా నడవాలి. గడప దాటేలోపు అవతలివాడు పిలుస్తాడు. పిలవకపోతే ఏం చేయాలో మాకెవరూ నేర్పలేదు (అవసరం పడలేదు మరి).

అలాంటి నన్ను హుస్నాబాద్ దగ్గరి పల్లెలో, వరి పండించే ఇంటికి ఇచ్చారు. ఆయన దుబాయ్‌లో, ఇంట్లో అత్తమ్మా నేనూ. ఆ యాసంగి పంటను అత్తమ్మ ఒంటిచేత్తో తీసింది. వడ్లు సర్కారు కొనుగోలు సెంటర్‌లో పోసి, కాంటా మా కుప్ప దాకా ఎప్పుడొస్తుందా అని రోజుల తరబడి కాపలా కాశాం. అక్కడ అమ్మితే మద్దతు ధర. వాన పడి మొలకొచ్చిందా, బయటి షావుకారు ఎంతంటే అంత. మబ్బు కనపడినప్పుడల్లా అత్తమ్మ కొంగు నడుముకు బిగించి, కుప్ప మీద పరదా కప్పేది.

చివరికి మా వంతు వచ్చింది. సెంటర్ నడిపే మహిళా సంఘం అక్క గుప్పెడు వడ్లు తేమ మిషన్‌లో పోసి పెదవి విరిచింది. "జర పచ్చిగున్నయి పెద్దమ్మా. పదిహేడు దాటొద్దు, గిది పద్దెనిమిది చూపిస్తుంది. పొద్దుగూకెదాక ఎండ తాకనియ్యుండ్రి. కాంటా ఈన్నే ఉంచుత, మళ్ల చూస్త."

అత్తమ్మ "సరే బిడ్డా" అనబోయింది. నేను అననిస్తేనా! నా చెవికి అది అవతలివాళ్లు చెప్పిన మొదటి ధరలా వినిపించింది.

"సగం మీరు ఎక్కుండ్రి, సగం మేం దిగుతం. పదిహేడున్నరకు ఖాయం చేద్దాం అక్కా" అన్నాను.

"మిషను నా మాట ఇంటదా చెల్లె? గది చెప్పిందే లెక్క."

"అట్లనా? అయితె మాకొద్దు. మా వడ్లు బయట అమ్ముకుంటం" అని అత్తమ్మ చేయి పట్టుకుని కదిలాను. అచ్చం పుట్టింటి నడక! తల ఎత్తి, వెనక్కి చూడకుండా, చెవులు మాత్రం వెనక్కే పెట్టి. అత్తమ్మ ఎప్పుడు చేయి విడిపించుకుందో కూడా తెలియలేదు. పిలుపు రానే వచ్చింది.

"ఓ మామా! గీళ్లు వద్దంటున్నరు, కాంటా నీ కుప్పకాడికి వస్తుంది, పరదా తియ్యి!"

తిరిగి చూసేసరికి హమాలీలు కాంటాను పక్క కుప్ప దగ్గరికి ఎత్తుకుపోతున్నారు. పడమట మబ్బు లేస్తోంది. వెనక్కి వెళ్లి బతిమాలడానికి సిగ్గు, ముందుకు పోదామంటే నిజంగా పోయే చోటేదీ లేదు. రోడ్డు అంచున దిష్టిబొమ్మలా నిలబడ్డాను, కళ్లలో నీళ్లతో. అత్తమ్మ నాలుగు తిట్టినా బాగుండుననిపించింది. ఆమె అప్పటికే చెప్పులు విడిచి, వడ్లు పలచగా పరిచి, వాటిలో పాదాలు ఈడుస్తూ సాళ్లు తీస్తోంది, అడుగునున్నవి పైకొచ్చి ఎండేలా.

"గంతగనం నడువాలనుంటె గీ వడ్లల్ల నడువు బిడ్డా" అంది నవ్వి. "ఎండనన్న ఎండుతయి."

నడిచాను. ఆ మధ్యాహ్నమంతా ఆమె వెనకే, ఆమె తీసిన సాళ్ల పక్కనే. అరికాళ్లు మండిపోయాయి. మబ్బు ఒక్క చినుకు రాల్చకుండా మా మీదుగా వెళ్లిపోయింది. పక్క కుప్ప ముగిశాక, పొద్దుగూకే వేళకు ఆ అక్క మిషన్ పట్టుకుని వచ్చింది. వడ్లు పోసి, చూసి, నా వంక తిరిగింది. "పదహారున్నర. ఏం చెల్లె, ఇగ ఎక్కుమంటవా, దిగుమంటవా?"

నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ అరచేయి దానికి అడ్డం పడింది. "జల్ది కాంటా పెట్టు బిడ్డా, లేకుంటె గీ పిల్ల మళ్ల నడుస్తది!"

ఇన్నేళ్లయినా చీరల దుకాణంలో "వద్దులే" అని విసురుగా లేస్తూనే ఉన్నాను. గడప దగ్గరికి వచ్చేసరికి అరికాళ్ల కింద ఎండిన వడ్ల గరుకు తగులుతుంది, ముందెవరో సాళ్లు తీసుకుంటూ పోతున్నట్టుంటుంది, నడక దానంతటదే మెల్లబడుతుంది. ఆ నడక చూసిన దుకాణందారు ఇక ధరెందుకు తగ్గిస్తాడు!