సత్తెమ్మత్తకు వచ్చిన పురుడు

పక్క వాటాలో పసిబిడ్డకు నీళ్లు పోసి సాంబ్రాణి పొగ వేస్తున్నారు. ఆ వాసన కిటికీలోంచి రాగానే నా చెయ్యి జేబులోని తాళంచెవి మీదికి పోయింది. సత్తెమ్మత్త గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇదే అలవాటు. ఆవిడను ఎరగని మీకు ఎలా చెప్పాలి? భర్త టాటానగర్ రైల్వేలో ఖలాసీగా చేసి పోయాడు. ఆవిడ అక్కడే మాంగో అనే పేటలో ఉన్న మా చిన్న గుడికి రోజూ దండలు కట్టేది. నాకు చుట్టం కాదు గాని, ఆ వీధిలో అందరికీ అత్తే. గొంతు పెద్దది, కోపం చిన్నది.

ఒక ఏడు సువర్ణరేఖ నది పొంగి ఒడ్డున ఉన్న ఇళ్లు పోయాయి. గుడి, చర్చి, గురుద్వారా, మసీదు పెద్దలు ఒకచోట కూర్చుని కుటుంబాలను పంచుకున్నారు. మా హాల్లో మూడు, చర్చి హాల్లో నాలుగు. వంట గురుద్వారాలో అయితే, మసీదు వాళ్లు ఆటోల్లో అందరికీ చేర్చేవారు. మా హాలు తాళం నా దగ్గరుండేది. గుడి కమిటీకి కొత్తవాణ్ణి కదా, నియమాలంటే అందరికన్నా నాకే పట్టింపు ఎక్కువ.

మా హాల్లో ఉన్న రమణ భార్య గౌరి ఆస్పత్రిలో ప్రసవించింది. మూడోరోజు పొద్దున, సన్నగా వాన పడుతుండగా, బిడ్డతో వచ్చారు. నేను గుమ్మంలోనే ఆపాను. హాలుకూ గర్భగుడికీ మధ్య ఒక్కటే గోడ, పురుడు వెళ్లేదాకా లోపలికి రాకూడదన్నాను. మర్యాదగానే చెప్పానని నా నమ్మకం. రమణ వాదించలేదు.

"పదకొండో రోజుదాకా ఎక్కడుండాల భయ్యా?" అని మాత్రం అడిగాడు.

గౌరి నిలబడలేక గోడకు చేరగిలబడింది. ఇల్లున్న వాళ్లు పెట్టుకున్న నియమాన్ని ఇల్లు లేనివాళ్ల నెత్తిన పెడుతున్నానని నాకు తట్టనే లేదు.

అరుగు మీద దండ కడుతున్న సత్తెమ్మత్త లేచింది. దండ సగంలో వదిలేసి, గౌరి చేతుల్లోంచి బిడ్డను తీసుకుని ఒళ్లో పడుకోబెట్టుకుంది. పురిటిబిడ్డను ముట్టుకున్న చేత్తో దేవుడికి దండ కట్టకూడదు. ఏళ్ల తరబడి ఒక్కరోజూ తప్పని పని అలా ఆగిపోయింది.

"ఇప్పుడు నాకూ మైలేరా బాబూ. నన్నెక్కడికెల్లమంతావో సెప్పు. ఆలకీ అదే సెప్పు," అంది.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆవిడ నియమం తప్పు అనలేదు. చర్చి హాలు చూసుకునే నర్సమ్మకు ఫోన్ చెయ్యమంది. చేస్తే, చోటు లేదందామె.

"అలగైతే అక్కడున్న ఒక ఇంటోల్లని మన హాల్లోకి రమ్మను. వత్తారో రారో అడక్కుండా ఎలా తెలుత్తాది?"

వచ్చారు. గంట తిరక్కుండా మసీదు వాళ్ల ఆటోలో, మెళ్లో సిలువ గొలుసులతో ఒక కుటుంబం మా గుడి హాల్లో దిగింది. అదే ఆటో రమణనూ గౌరినీ బిడ్డనూ, వాళ్లతోపాటు సత్తెమ్మత్తనూ చర్చి హాలుకు తీసుకెళ్లింది. వెనకాలే గురుద్వారా నుంచి బాలింతకని నెయ్యి వెళ్లింది. బిడ్డ పొడి పక్క మీద నిద్రపోతోందని రమణ ఫోన్ చేశాక గాని నాకు ఊపిరాడలేదు.

పురుడు వెళ్లేదాకా సత్తెమ్మత్త చర్చి హాల్లోనే ఉండి బిడ్డకు నీళ్లు పోసింది. సాంబ్రాణి పొగ తగ్గించమని నర్సమ్మ పోరు పెడితే, సరేనని కిటికీ తెరిచేదట. పదకొండో రోజు పేరు పెట్టడం కూడా అక్కడే. నాలుగు చోట్ల నుంచీ జనం వచ్చారు. నేను వెనకెక్కడో నక్కి నిలబడితే, అత్త పిలిచి బిడ్డను నా చేతుల్లో పెట్టింది.

"ఎత్తుకో, మైల పోయినాదిలే," అని నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

సత్తెమ్మత్త ఇప్పుడు లేదు. తాళం ఇంకా నా దగ్గరే ఉంది. నియమాలూ ఉన్నాయి, పాటిస్తూనే ఉన్నాను. కాకపోతే ఎవరికైనా ఇక్కడ వీల్లేదని చెప్పాల్సి వస్తే, ఎక్కడ వీలవుతుందో ముందు నాలుగు ఫోన్లు చేసి కనుక్కుంటాను. అప్పటిదాకా వాళ్లను అరుగు మీద, అత్త దండ కట్టిన చోటే కూర్చోమంటాను.