ఎప్పుడూ ఒకరు ఎక్కువే

అక్కకి లెక్కలు రావని ఎవరూ అనలేరు. గోడని ఒక్కసారి ఎగాదిగా చూసి, దీన్ని కడగడానికి ఎన్ని డబ్బాల మందు పడుతుందో గ్లాసుతో సహా చెప్పేస్తుంది. మనుషుల్ని లెక్కపెట్టమంటే మాత్రం ఆమెకి ఎప్పుడూ ఒకరు ఎక్కువొస్తారు. ముగ్గురుంటే నలుగురంటుంది. నలుగురుంటే ఐదుగురంటుంది. తను ఒక్కతే ఉన్నప్పుడు ఎవరైనా పలకరిస్తే "ఇద్దరం ఉన్నాంలే, భయం లేదు" అంటుంది. ఆ మాట విన్నాకే అడిగినవాళ్ళకి అసలు భయం మొదలవుతుంది.

పాత భవనాల బయటి గోడలకి పట్టిన పాచి, తుప్పు మరకలు, పొగమసి కడిగి తెల్లగా చేయడం ఆమె పని. ఆమె దగ్గర పనిచేసేది ఇద్దరే. నిచ్చెనలెక్కే మరిది, నీళ్ళ మోటారు నడిపే అతని పెళ్ళాం. అంటే అక్కకి తోడికోడలు. ఇంట్లో అందరూ ఆమెని చిన్నకోడలంటారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం అక్కకి ఒకటెక్కువక్క అని ఎప్పుడో పేరు పెట్టేశారు. ఇంట్లో కూడా ఆమె ఒక పళ్ళెం ఎక్కువే వేసేది. భర్త ఇరవై ఏళ్ళుగా అదెవరికని అడగలేదు. అడిగితే ఎవరి పేరు చెబుతుందోనని.

పని మొదలుపెట్టే ముందు అక్క వ్యానులోంచి నాలుగు మాస్కులు, నాలుగు కళ్ళద్దాలు, నాలుగు జతల రబ్బరు తొడుగులు తీసి పిట్టగోడ మీద వరసగా పెట్టేది. మూడు వీళ్ళవి. నాలుగోది అక్కడే ఉండిపోయేది. గాలికి ఆ తొడుగులు ఉబ్బి, ఒక్కో వేలూ మెల్లగా లేచేది. మరిది అటువైపు వీపు పెట్టి పనిచేసేవాడు. కాసేపటికి, వీపు పెట్టడం ఇంకా ప్రమాదమనిపించి ఇటు తిరిగేవాడు.

చిన్నకోడలు కొత్తలో ఒకసారి ధైర్యం చేసి ఆ నాలుగోవాళ్ళెవరని అడిగింది. అక్క మందు కలుపుతూ, తల తిప్పకుండానే జవాబిచ్చింది.

"ఏమో. నాకూ ఇంకా కనపడలేదు."

ఆ తర్వాత ఆరేళ్ళపాటు చిన్నకోడలు మళ్ళీ అడగలేదు.

మందు మొదటి చుక్క గోడ మీద పడేముందు అక్క భవనం చుట్టూ తిరిగేది. ప్రతి కిటికీ కింద నిలబడి, అది తాళం వేసిన గోదామైనా, కూలిపోవడానికి సిద్ధంగా ఉన్న కొంపైనా, ఒకటే మాట చెప్పేది. గోడ కడుగుతున్నామండీ, ఘాటు మందులు, కిటికీలు వేసుకోండి, మేం చెప్పేదాకా తీయకండి. చెప్పి ఊరుకోదు. జవాబు కోసం ఆగేది. ఖాళీ ఇంటి ముందు, చెవి ఒగ్గి, అంతసేపు. ఆ నిశ్శబ్దం చిన్నకోడలికి అరిచినట్టు వినపడేది.

మందుల విషయంలో అక్క కోర్టు జడ్జి కన్నా కఠినం. యాసిడ్‌ని నీళ్ళల్లో పోయాలి గాని నీళ్ళని యాసిడ్‌లో పోయకూడదు. గాలి ఎటు వీస్తుందో చూసి, దానికి ఎదురుగా నిలబడకూడదు. తుప్పుకి వాడే యాసిడ్ వ్యాను ముందుభాగంలో ఉంటే, పాచికి వాడే బ్లీచింగ్ వెనక చివర ఉండాలి. ఒకటి వాడినరోజు రెండోదాని మూత తీయకూడదు. ఎందుకని మరిది విసుక్కుంటే, వాళ్ళిద్దరినీ ఒక బకెట్‌లో కాపురం పెడితే పుట్టే బిడ్డకి ఒళ్ళుండదు, చేతులుండవు, కాని వచ్చి గొంతు పట్టుకుంటుంది అని చెప్పింది. ఆ రాత్రి మరిది దీపం ఆర్పనివ్వలేదని చిన్నకోడలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

ఆ యేడు వానలు తగ్గాక వీళ్ళకి మూతపడ్డ ఆడపిల్లల హాస్టల్ ఒకటి కడిగే పని వచ్చింది. మూడంతస్తులు. రెండేళ్ళుగా తాళాలు. ఉత్తరం గోడంతా పాచి నల్లగా జుట్టు విరబోసుకున్నట్టు కిందికి జారింది. ఒక్కో కిటికీ ఊచల కింద తుప్పు, ఏడ్చి ఏడ్చి కాటుక కారినట్టు. దాన్ని కొన్నవాళ్ళు ఆఫీసు పెట్టుకుంటారట, వారంలో తెల్లగా చేసివ్వాలట. వాళ్ళ మేనేజరు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, రోజూ ఎందరొచ్చారో అక్క చేత పుస్తకంలో రాయించుకుని, పక్కన సంతకం పెట్టేవాడు.

మొదటిరోజు పొద్దున, మంచు ఇంకా విడవలేదు. అక్క ఒక్కో కిటికీ కిందా ఆగి చెప్పుకుంటూ వెళ్ళింది. రెండో అంతస్తు మూలగది కింద కూడా చెప్పి ఆగింది. పైన గడియ పడిన చప్పుడు. నెమ్మదిగా, ఒకటే. చిన్నకోడలు తల ఎత్తేసరికి, అంతకుముందు బెత్తెడు తెరుచుకుని ఉన్న ఆ కిటికీ రెక్క మూసుకుని ఉంది.

"మంచిదండీ," అంది అక్క పైకి చూసి, వెళ్ళి బ్లీచింగ్ డబ్బా మూత తీసింది.

మేనేజరుని అడిగితే లోపల పిట్ట కూడా లేదన్నాడు, గాలికి పడుంటుందన్నాడు. ఆ పూట ఆకు కదలలేదు. మరిది నిచ్చెనని ఆ మూలగదికి పదడుగుల అవతల వేశాడు. చెయ్యి అందట్లేదని తెలిసినా జరపలేదు.

మధ్యాహ్నం అక్క ఎప్పట్లాగే నాలుగో భోజనం డబ్బా తీసింది. మిగతాచోట్ల అది సాయంత్రం ఏ కుక్కకో పోయేది. ఇక్కడ దాన్ని తీసుకెళ్ళి పెరటి గుమ్మం మెట్టు మీద పెట్టొచ్చింది. గంట తర్వాత చిన్నకోడలు వెళ్ళి చూస్తే డబ్బా ఖాళీ. అది పెద్ద వింత కాదు, కుక్కలున్నాయి. కాని డబ్బా తోమి ఉంది. కడిగి, బోర్లించి, మూత పక్కన పెట్టి ఉంది.

"దయ్యాలు గిన్నెలు తోముతాయా అక్కా?" అడిగింది చిన్నకోడలు.

"తోమితే మన ఇంట్లో మగాళ్ళకన్నా నయమేగా," అంది అక్క.

రెండోరోజూ అంతే. ఈసారి డబ్బా మీద తడిగుడ్డ మడత పెట్టి ఉంది. మూడోరోజు మరిది ఆ డబ్బాని తన కళ్ళతో చూశాడు. చూసినవాడు చూసినట్టే టీ తాగొస్తానని వీధిలోకి నడిచాడు. నడిచాడనే అతను చెప్తాడు. ఆ కంగారులో వ్యాను తలుపు తెరిచే వదిలేశాడు.

మేనేజరుకి తొందర. ఆవేళ పెరటి గోడకి బ్లీచింగ్ కొట్టి, కడిగే ముందు కాసేపు నాననిచ్చారు. అక్క, చిన్నకోడలు ముందువైపు గొట్టాలు సర్దుతున్నారు. పెరట్లో కిటికీల కింద తుప్పు అలాగే ఉందని, తుప్పుకి యాసిడ్ వాడతారని మేనేజరు ఎక్కడో విన్నాడు. తెరిచున్న వ్యానులోంచి డబ్బా తీసుకెళ్ళి, తడి గోడ మీద ధారగా పోశాడు.

ముందు దగ్గు వినపడింది. తర్వాత వాసన. అక్క మాస్కు బిగించుకుంటూనే పరుగెత్తింది. పెరటి నేల మీద పసుప్పచ్చటి పొగ, మోకాలెత్తున, ప్రాణమున్నదానిలా పాకుతోంది. గోడ మీదకి ఎక్కట్లేదు. కిందికి, కిందికి వెతుక్కుంటూ పోతోంది. మేనేజరుని చొక్కా పట్టి లాక్కొచ్చి, గాలి వచ్చేవైపు ముందు గేటు దగ్గర కూలేసింది. అతని కళ్ళు నీళ్ళతో కడుగుతూ ఉండమని చిన్నకోడలికి చెప్పి, ఫైరాఫీసుకి, అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఈలోగా మరిది పరుగున వచ్చాడు. అక్క ఒక్కొక్కరి భుజం మీద చెయ్యేసి లెక్కపెట్టింది. నువ్వు, నువ్వు, మేనేజరు, నేను. నలుగురం.

"ఐదోవాళ్ళేరీ?" అంది.

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. అక్క భవనం వైపు తిరిగింది. పెరట్లో నేలకి ఆనించి చిన్న జాలీ కిటికీలున్నాయి. వాటి కింద, భూమిలోకి దిగి, ఒకప్పటి వంటగది. పొగ దారి అటే. లోపలికి వెళ్ళబోతున్నట్టు అక్క ఒక అడుగు వేసి ఆగడం చిన్నకోడలు చూసింది. మాస్కుంది కదా అని అంత ఘాటులోకి దిగేవాళ్ళు, లెక్కలో ఇంకొకరు తగ్గడానికే దిగుతారని అక్కే చెబుతుంది. అక్క మరిదితో ముందువైపు తలుపు పగలకొట్టించి, మాస్కు గడ్డం కిందికి లాగి, గుమ్మం బయటే నిలబడి ఆ చీకట్లోకి పిలిచింది. ఎవరో తెలీదు కాబట్టి అండీ అనే పిలిచింది.

"ఏవండీ, ఆ గాలి బరువైనది, కిందికి దిగుతుంది. అక్కడ ఉండకండి. తడిగుడ్డ ముక్కుకి పెట్టుకుని మెట్లెక్కండి. మేడ మీదకి వెళ్ళండి."

చప్పుడు లేదు. మేనేజరు దగ్గుల మధ్య లోపలెవరూ లేరమ్మా అంటున్నాడు. అక్క చెవి ఒగ్గి నిలబడింది. ఇన్నేళ్ళుగా నిలబడ్డట్టే.

అప్పుడు ఎక్కడో అడుగున తలుపు కిర్రుమంది. అడుగుల చప్పుడు. ఒక కాలు ఈడుస్తున్నట్టు, మెట్టుకి ఆగుతూ. ఆ ఖాళీ భవనమంతా ఆ అడుగుల్ని రెండేసిసార్లు పలికింది. మొదటి అంతస్తు దాకా వచ్చి ఆగిపోయాయి. దగ్గు.

"ఆగకండి. ఇంకా పైకి," అంది అక్క, పసిపిల్లకి ముద్ద పెట్టేంత నెమ్మదిగా.

అడుగులు మళ్ళీ కదిలాయి. మరిది కళ్ళు మూసుకున్నాడు. చిన్నకోడలు మాత్రం మెట్లు లెక్కపెట్టింది. చివరి చప్పుడు అయ్యాక పైకి చూసింది. మేడ అంచున, తెల్లచీరలో, ముఖానికి తెల్లటి తడిగుడ్డతో ఒక ఆకారం నిలబడి ఉంది. నిలబడి, వీళ్ళకి చెయ్యూపింది.

ఫైరువాళ్ళు వచ్చి లోపల ఎందరని అడిగారు. మేనేజరు ఎవరూ లేరన్నాడు. అక్క ఒకరన్నది. వాళ్ళు తల ఎత్తి చూసి నిచ్చెన లేపారు.

దిగింది దయ్యం కాదు. డెబ్బై ఏళ్ళ వార్డెనమ్మ. ముప్పై ఏళ్ళు ఆ హాస్టల్లో ఆడపిల్లల్ని కాచింది. మూసేశాక ఎవరో చుట్టాలింటికి పంపారట. వాళ్ళు వరండాలో మంచం వేశారట. నెల తిరక్కుండా, తన దగ్గర ఉండిపోయిన పెరటి తాళంచెవితో వెనక్కి వచ్చేసింది. రెండేళ్ళుగా దీపం పెట్టకుండా, పొగ రానివ్వకుండా, అక్కడే, పైన మూలగదిలో పడుకుంటూ, కింద వంటగదిలో తింటూ. ఆసుపత్రిలో ఊపిరితిత్తులు చూసి, సమయానికి పైకెక్కింది కాబట్టి సరిపోయింది అన్నారు. మేనేజరుని మాత్రం ఒకరోజు ఉంచుకున్నారు.

మర్నాడు మేనేజరు, గొంతు బొంగురుగానే, దొంగతనంగా దూరినందుకు ముసలామె మీద ఫిర్యాదు రాస్తానన్నాడు. అక్క గేటు పుస్తకం తీసి అతని ముందు పెట్టింది. మూడు రోజులు, మూడు వరసలు. పనివాళ్ళు నలుగురు, నలుగురు, నలుగురు. పక్కన అతని సంతకం.

"ఆవిడ మా నాలుగో మనిషండీ. మొదటిరోజు నుంచీ లెక్కలో ఉంది. మీరే ఒప్పుకున్నారు. ఫిర్యాదు రాస్తే, యాసిడ్ ఎవరు పోశారో కూడా రాయాలి మరి."

మేనేజరు పుస్తకం మూశాడు.

వార్డెనమ్మని ఇంటికి తెచ్చారు. దారిలో వ్యానులో చిన్నకోడలు అక్క చెవి దగ్గర, నిజం చెప్పు, నీకు ముందే తెలుసా అని అడిగింది. తెలుసంది అక్క. కిటికీలన్నిటికీ రెండేళ్ళ దుమ్ముంది. ఆ మూలగది అద్దం మాత్రం లోపలివైపు తుడిచి ఉంది. బయట తుడిచేవాళ్ళం మనం, లోపల ఇంకెవరో తుడుస్తున్నారని తెలియదా అంది. మరి చెప్పలేదేం అంటే, చెబితే మీ ఆయన పని మానేస్తాడు, మేనేజరు ఆవిడ్ని వీధిలో పెడతాడు, వారం రోజుల్లో ఏదో ఒక చోటు చూద్దామనుకున్నానంది.

"సరే, మిగతా ఇళ్ళల్లో ఎవరూ లేరు కదా. అక్కడెందుకు పిలిచేదానివి?"

"లేరని నీకెవరు చెప్పారు?"

చిన్నకోడలు కిటికీ అద్దం పైకి ఎత్తేసుకుంది.

ఇంటికి చేరి భోజనాలకి కూర్చోబోతుంటే వార్డెనమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. చేతులు చూడందే ఎవరికీ పళ్ళెం లేదంది. మరిది అందరికన్నా ముందు వరసలో నిలబడి రెండు చేతులూ చాపాడు. అతని వెనక అక్క భర్త. ఆ వెనక చిన్నకోడలు. చివరికి అక్క వంతు వచ్చింది. ఇంటిల్లిపాదినీ తొడుగులు తొడుక్కోమని, కడుక్కోమని ఇరవై ఏళ్ళుగా సతాయించిన మనిషి చేతుల్ని వార్డెనమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, గోళ్ళు తీయలేదేం అంది.

"రేపు తీసుకుంటానండీ," అంది అక్క, తల వంచుకుని.