తొమ్మిది ఫిట్ కాగితాలు

2024 జనవరి 16, మంగళవారం, ఉదయం 4.50. సన్నని వాన, పద్నాలుగు డిగ్రీలు. గల్ఫ్‌లో మా అస్కర్ కార్మికుల క్యాంపు బాత్‌రూంలో మలంతో పాటు రక్తం చూశాను. అప్పుడు నా వయసు యాభై ఎనిమిది. ఉద్యోగం స్టోర్ కీపర్.

అంతకు సరిగ్గా అరవై రోజుల ముందు, శుక్రవారం ప్రార్థన తర్వాత, మా తెలుగు క్రైస్తవ సంఘంలోని నర్సు సునీత యాభై దాటినవారికి మలపరీక్ష డబ్బాలు పంచింది. నేను తిరిగి ఇచ్చేశాను.

"నా ఫైలులో కంపెనీ మెడికల్ కాగితాలు తొమ్మిది ఉన్నాయమ్మా. అన్నిటా ఫిట్ అనే ఉంది."

"వాటిలో ఛాతీ, చెవులు, బీపీ, షుగర్ చూశారు బాబాయ్. పేగు ఎవరు చూశారండీ?"

తేదీ, ముద్ర ఉన్న కాగితాన్నే నమ్మాను. ఆ సాయంత్రం గదిలో చెబితే కరీంనగర్ రషీద్ నవ్వాడు. "మంచిగ చేసినవ్ కాకా. ఆరుగురికి ఒక్క బాత్‌రూం, అండ్ల డబ్బా పట్టుకొని కూసుంటవా? ఏమన్న దొరికితే టికెట్ చేతిల పెడ్తరు, ఖలాస్."

నా భయమూ అదే. కనుక రక్తం చూసిన తర్వాత కూడా పది రోజులు ఎవరికీ చెప్పలేదు. పదకొండో రోజున సునీతకు చెప్పాను.

ఫిబ్రవరి 4న పేగులోకి కెమెరా పంపే కొలొనోస్కోపీ, బయాప్సీ; ఆ తర్వాత స్కాన్. "పెద్దపేగు క్యాన్సర్, స్టేజ్ త్రీ. పాలిప్‌గా, అంటే చిన్న కండగా ఉన్నప్పుడే దొరికితే అక్కడే తీసేసేవాళ్లం" అన్నారు డాక్టర్. 20న సర్జరీ. వార్డులో తొమ్మిది రోజులున్నాను. సునీత రెండుసార్లు, రషీద్ ఒకసారి వచ్చారు. మిగిలిన ఆరు రోజులు పక్క మంచాల వారి బంధువులను చూస్తూ గడిపాను. ఇంటికి ఫోన్‌లో ఓవర్‌టైం అని చెప్పాను. "గొంతు అట్లా ఉందేమండీ?" అని నా భార్య అడిగితే దుమ్ము అన్నాను.

కీమో ఎనిమిది విడతలు. నాలుగోదానికి ప్లేట్‌లెట్లు పడిపోయి రెండు వారాలు ఆగింది. కంపెనీ నన్ను పంపివేయలేదు. సూపర్‌వైజర్ సెలవు ఫారం ఇచ్చి, "రిజిస్టర్లు నువ్వే చూడాలి భాయ్, బాగై రా" అన్నాడు.

ఇప్పుడు డ్యూటీలో ఉన్నాను. ఆరు నెలలకొకసారి స్కాన్. ఇంతవరకు ఏమీ కనబడలేదు. నా సలహా ఒక్కటే: మీ మెడికల్ కాగితంలో ఏయే పరీక్షలు చేశారో చదవండి, చేయనివాటిని డాక్టరును అడగండి.

క్యాంపులో యాభై దాటినవారు పదిహేడు మంది. ప్రతి ఒక్కరి దగ్గరకూ వెళ్లి చెప్పాను. పరీక్ష చేయించుకున్నవారు ఇద్దరు.